మినీ పీసీ కొన్నాను, ప్రాసెసర్ నిరాశపరిచింది: ఎన్100తో ఇంతేనా, సర్దుబాటు ఉందా?

కొత్తపెట్టె:
అందరికీ నమస్కారం. ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ తీసుకున్నాను. 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే స్టిక్, 256 జీబీ ఎం.2 ఎస్ఎస్‌డీ, ముందే ఎక్కించిన విండోస్ 11. మానిటర్ 4కే, హెచ్‌డీఎంఐ కేబుల్ పాతది. పని పెద్దదేమీ కాదు: బ్రౌజర్‌లో 15–20 ట్యాబులు, ఎక్సెల్, వీడియో కాల్స్, అప్పుడప్పుడు యూట్యూబ్.

ఇబ్బందులు ఇవి. టాస్క్ మేనేజర్‌లో బేస్ స్పీడ్ 0.80 గిగాహెర్ట్జ్ అని ఉంది, డబ్బా మీద మాత్రం 3.4. నాలుగు ట్యాబులు ఒకేసారి తెరిస్తే సీపీయూ 100 శాతానికి వెళ్తోంది. మౌస్ పాయింటర్ ఈడ్చుకుంటూ కదులుతోంది. 4కే వీడియో తడబడుతోంది. కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తే అన్నీ మొరాయిస్తున్నాయి. వాపసు గడువు ఇంకా ఉంది. సరిచేసుకోవచ్చా, తిరిగి పంపేయాలా?

వాట్‌మీటర్:
0.80 చూసి కంగారు పడకండి. ఎన్100కి విండోస్ చూపించే బేస్ స్పీడ్ అంతే. చిప్పు తేడాగా వచ్చిందని దాని అర్థం కాదు. అదే పేజీలో 'స్పీడ్' అని ఉన్న అంకె చూడండి, అసలు నడుస్తున్న వేగం అది. ఒక్క కోరు (చిప్పులో లెక్కలు చేసే భాగం) మీదే భారం పడితే 3.4 దాకా, నాలుగూ పనిచేస్తుంటే 2.9 దగ్గర ఉండాలి.

తీర్పు చెప్పే ముందు కొలతలు కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (లోపలి సెన్సర్ల అంకెలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి 'సెన్సర్స్ ఓన్లీ' ఎంచుకోండి. పక్కనే ప్రాసెసర్‌కి పూర్తి భారం పెట్టి కొలిచే సినీబెంచ్ ఆర్23లో మల్టీకోర్ పరీక్షను 10 నిమిషాల పాటు నడపండి. నడుస్తున్నంతసేపూ నాలుగు వరుసల మీద కన్నేయండి: కోర్ క్లాక్స్, సీపీయూ ప్యాకేజ్ పవర్, ప్యాకేజ్ టెంపరేచర్, పెర్ఫార్మెన్స్ లిమిట్ రీజన్స్.

మొదటి అర నిమిషం వేగంగా ఉండి, ఆ తర్వాత పవర్ 6 వాట్లకో 8 వాట్లకో పడిపోయి అక్కడే గీత గీసినట్టు నిలబడితే, తయారీదారు పెట్టిన పవర్ పరిమితి అది. పవర్ తగ్గేటప్పటికే ఉష్ణోగ్రత 95 దాటి ఉంటే శీతలీకరణ సమస్య. పవర్ కూడా, వేడి కూడా తక్కువే ఉండి క్లాక్ మాత్రం 0.7–0.8 దగ్గర ఇరుక్కుపోతే ప్రోక్‌హాట్ (చిప్పు వేడెక్కింది, వేగం తగ్గించు అని చెప్పే) సంకేతమో, అడాప్టరో అనుమానించాలి. మూడింటికీ మందులు వేరు.

పరీక్ష పెట్టే ముందు విండోస్ అప్‌డేట్ పూర్తయి, ఒకసారి రీస్టార్ట్ అయి ఉండాలి. కొత్త పెట్టెలో డిఫెండర్ స్కానూ, సెర్చ్ ఇండెక్సింగూ వెనకాల నడుస్తూనే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' పైవరుసలో కనిపిస్తుంటే ఇంకాసేపు ఆగండి. అప్పటి అంకెలు ఎందుకూ పనికిరావు.

సిలికాన్‌దారి:
కొలతలు వచ్చేలోగా, ఈ చిప్పు నుంచి ఏం ఆశించాలో చెప్పుకుందాం.

ఎన్100 ఆల్డర్ లేక్-ఎన్ కుటుంబంలోది, 2023 మొదట్లో వచ్చింది. అమ్మకపు పేజీల్లో '12వ తరం' అని రాస్తారు. అది అబద్ధం కాదు గానీ సగం నిజం. 12వ తరం ఐ5 లాప్‌టాప్ చిప్పుల్లో పెద్ద పీ-కోర్లు, చిన్న ఈ-కోర్లు రెండూ ఉంటాయి. ఎన్100లో ఉన్నవి నాలుగు ఈ-కోర్లు మాత్రమే, హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోరు రెండు పనుల వరుసలు, అంటే థ్రెడ్లు, నడపడం) లేదు కాబట్టి థ్రెడ్లూ నాలుగే. ఎల్3 క్యాష్ (చిప్పులోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 6 ఎంబీ. ర్యామ్‌కి ఒక్కటే ఛానెల్. గ్రాఫిక్స్‌లో 24 ఎగ్జిక్యూషన్ యూనిట్లు. ఇంటెల్ ప్రకటించిన పవర్ 6 వాట్లు. పేరులో పెంటియం, సెలెరాన్ లేకపోవడానికి కారణం ఇంటెల్ ఆ పేర్లను 2023 నుంచి నోట్‌బుక్ చిప్పుల్లో వదిలేయడమే. వాటి స్థానంలో వచ్చినది ఇదే.

ఈ-కోరు ఒక్కోటి అదే క్లాక్ దగ్గర 2015 నాటి స్కైలేక్ కోరుకు దగ్గరగా పనిచేస్తుంది. అంటే స్థూలంగా ఆరో తరం డెస్క్‌టాప్ ఐ5 స్థాయి, అదీ ఆరు నుంచి పదిహేను వాట్ల కరెంటులో. జే4125, ఎన్5105 వంటి పాత చిప్పుల నుంచి వచ్చినవారికి ఇది పెద్ద అడుగు. ఈమధ్య వచ్చిన ఐ5 లాప్‌టాప్ నుంచి వచ్చినవారికి వెనకడుగు. నిరాశ చాలావరకు అక్కడే పుడుతుంది.

మీరు చెప్పిన లక్షణాల్లో కొన్ని మాత్రం ఈ చిప్పు చేసేవి కావు. 4కే 60 ఫ్రేముల వీడియోని ఇది సీపీయూ మీద భారం పడకుండా డీకోడ్ చేయగలదు. ఏవీ1 అనే కొత్త వీడియో కుదింపు పద్ధతి (కోడెక్) కూడా హార్డ్‌వేర్‌లోనే అవుతుంది. వీడియో తడబడుతోందంటే మధ్యలో ఇంకేదో అడ్డు ఉంది.

ర్యామ్‌బాణం:
నా మొదటి అనుమానం ఎప్పుడూ ర్యామ్ మీదే. 8 జీబీలో కొంత గ్రాఫిక్స్‌కి పోతుంది, విండోస్ 11 తెరిచి ఊరుకుంటేనే 3 నుంచి 4 జీబీ తింటుంది. 20 ట్యాబులు, ఎక్సెల్, కాల్ యాప్ కలిస్తే మిగతాది చాలదు. అప్పుడు విండోస్ పేజీలను ఎస్ఎస్‌డీ మీదికి తోసి, మళ్లీ లాక్కుంటూ ఉంటుంది. పైకి చూస్తే ప్రాసెసర్ నెమ్మదించినట్టే ఉంటుంది.

తేల్చుకోవడం తేలిక. టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీ. 'కమిటెడ్' దగ్గర రెండు అంకెలు ఉంటాయి: ప్రోగ్రాములకు కేటాయించిన మెమరీ, దాని హద్దు. మొదటి అంకె మీ మొత్తం ర్యామ్‌ని దాటిపోయి ఉంటే, అదే వేళ డిస్క్ యాక్టివ్ టైమ్ 100కి కొడుతుంటే, ర్యామ్ చాలడం లేదన్నమాట.

ఎన్100 పెట్టెల్లో సాధారణంగా ఒకే సోడిమ్ (లాప్‌టాప్ సైజు చిన్న ర్యామ్ స్టిక్) స్లాట్ ఉంటుంది. అందుకని ఉన్న 8కి ఇంకో 8 జోడించడం కుదరదు, తీసేసి 16 పెట్టాలి. పాత స్టిక్ దాచండి, వాపసు ఇవ్వాల్సి వస్తే అది కావాలి. డీడీఆర్4 సోడిమ్‌కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262, గాడి చోటు కూడా వేరు. ఒకటి పెట్టాల్సిన చోట ఇంకోటి దిగదు, బలవంతం చేస్తే స్లాట్ పాడవుతుంది. మీది డీడీఆర్4-3200 కావాలి. అసలు స్లాటే లేకుండా ఎల్‌పీడీడీఆర్5 బోర్డు మీద అతికించిన మోడళ్లూ ఉన్నాయి, వాటిని పెంచే దారి లేదు.

ఎస్ఎస్‌డీ కూడా చూడండి. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. అందులో సాటా (పాత, నెమ్మది దారి) ఉండొచ్చు, ఎన్‌వీఎమ్‌ఈ (కొత్త, వేగవంతమైన దారి) ఉండొచ్చు. డిస్క్ వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో వరుస రీడ్ సెకనుకు 550 ఎంబీ లోపు ఉంటే సాటా. 800–900 దగ్గర ఆగితే ఎన్‌వీఎమ్‌ఈనే, కానీ స్లాట్‌కి ఒక్క పీసీఐఈ 3.0 లేన్ (చిప్పు నుంచి డేటా వెళ్లే దారి) మాత్రమే ఇచ్చారు. ఎన్100కి ఉన్నవే మొత్తం 9 లేన్లు, నెట్‌వర్క్ పోర్టులకీ వైఫైకీ పంచాలి కాబట్టి బోర్డు చేసేవాళ్లు అక్కడ కోత పెడతారు. సాటా ఉన్నా మీ పనికి ఫరవాలేదు. రోజువారీ చురుకుదనాన్ని నిర్ణయించేది 4కే ర్యాండమ్ రీడ్ (4 కిలోబైట్ల ముక్కలను అక్కడక్కడి నుంచి చదివే వేగం, మానిటర్ 4కేతో సంబంధం లేదు). అది మరీ తక్కువుండి, రాసేటప్పుడు వేగం కుప్పకూలుతుంటే ఆ ఎస్ఎస్‌డీని మార్చాలి. ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ (బోర్డుకు అతికించిన నెమ్మది స్టోరేజ్) ఉన్న పెట్టెలైతే అసలు కొనకూడదు, నా అభిప్రాయం గట్టిగా ఇదే.

కొత్తపెట్టె:
కొలతలు తీశాను. సినీబెంచ్ మొదలైనప్పుడు నాలుగు కోర్లూ 2.9, పవర్ 20 వాట్లకు కాస్త అటూఇటూ. అర నిమిషం లోపే పవర్ 6.0కి పడిపోయి చివరిదాకా అక్కడే ఉంది. క్లాక్ 1.8 దగ్గర. ఉష్ణోగ్రత 61 దాటలేదు. లిమిట్ రీజన్స్‌లో పవర్ లిమిట్ దగ్గర 'యెస్' (అవును) అని ఉంది.

నా పనులన్నీ తెరిస్తే కమిటెడ్ 11.4 జీబీ. ఎస్ఎస్‌డీ రీడ్ 520, అంటే సాటా. 4కే ర్యాండమ్ బాగానే ఉంది.

వాట్‌మీటర్:
అయితే పీఎల్1ని 6 వాట్లకు కట్టేశారు. ఇంటెల్ చిప్పుకు రెండు పరిమితులుంటాయి. పీఎల్2 కొద్దిసేపు వాడుకోవడానికి, పీఎల్1 ఎంతసేపైనా నిలబడడానికి, ఆ కొద్దిసేపు ఎంతో చెప్పేది టావ్. మీ దగ్గర కనిపించిన అర నిమిషం అదే, సాధారణంగా 28 సెకన్లు ఉంటుంది. 61 డిగ్రీల దగ్గర చిప్పును నొక్కి పెట్టాల్సిన పనే లేదు.

మార్చే దారి: ఆన్ చేస్తూనే డెల్ నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లండి. అడ్వాన్స్‌డ్, ఆపై పవర్ అండ్ పెర్ఫార్మెన్స్, ఆపై సీపీయూ పవర్ మేనేజ్‌మెంట్ కంట్రోల్. అక్కడ 'పవర్ లిమిట్ 1 ఓవర్‌రైడ్'ని ఎనేబుల్ చేస్తే కింద అంకె రాసే గడి వస్తుంది. అది మిల్లీవాట్లలో ఉంటుంది. 12 వాట్లకు 12000 అని రాయాలి. 12 అని మాత్రమే రాసి, ఏమీ మారలేదని వాపోయేవాళ్లు చాలామంది. పీఎల్2ని, టావ్‌ని ఉన్నట్టే వదిలేయండి. ఎఫ్10తో సేవ్ చేసి అదే పరీక్ష మళ్లీ నడపండి.

మెనూల పేర్లు బోర్డును బట్టి కొంచెం మారతాయి. ఆ మెనూ అసలే దాచేసి ఉంటే విండోస్‌లో థ్రాటిల్‌స్టాప్ అనే చిన్న ప్రోగ్రామ్‌లోని టీపీఎల్ కిటికీతో ప్రయత్నించవచ్చు. అక్కడ తాళం గుర్తు వేసి ఉంటే ఇక మార్చలేరు. ఎక్కడో దొరికిన వేరే బోర్డు బయోస్‌ని మాత్రం ఎక్కించకండి. పెట్టె తిరిగి లేవదు, వాపసూ తీసుకోరు.

హీట్‌సింక్:
12000 రాసే ముందు ఒక మాట. ఫ్యాన్ ఉన్న మోడలేనా? ఫ్యాన్ లేని అల్యూమినియం పెట్టెలైతే 6–8 వాట్లు తయారీదారు పిసినారితనంతో పెట్టింది కాదు, ఆ తొడుగు వదిలించగల వేడి అంతే. వాటిలో 10 దాటకపోవడం మంచిది.

ఫ్యాన్ ఉంటే 12, 15 రెండూ నడుస్తాయి. ఈ చిప్పు గరిష్ఠ పరిమితి 105 డిగ్రీలు. అంతదాకా తీసుకెళ్లాల్సిన పనిలేదు. అరగంట నిరంతర భారం తర్వాత 85 లోపు ఉండేలా అంకె ఎంచుకోండి. గదిలో ఎండాకాలపు వేడి ఉంటుంది కాబట్టి ఆ వెసులుబాటు ఉండాలి. సీపీయూతో పాటు ఎస్ఎస్‌డీ ఉష్ణోగ్రత కూడా చూడండి. చాలా పెట్టెల్లో ఎం.2 స్లాట్ బోర్డుకు కింది వైపున, గాలి తగలని చోట ఉంటుంది. సీపీయూ చల్లగానే ఉండి ఎస్ఎస్‌డీ 70 దాటుతుంటే దానికి థర్మల్ ప్యాడ్ వేసి కింది మూతకు తగిలేలా పెట్టండి. మూత లోహపుదైతేనే దానివల్ల ఫలితం.

మానిటర్ వెనక బిగించేవారు గాలి దారులు మూసుకుపోయాయేమో గమనించాలి. 4కే మానిటర్ వెనక భాగం వేడిగానే ఉంటుంది, ఆ వేడిగాలినే ఈ ఫ్యాన్ పీల్చుకుంటుంది. రెండు వేళ్ల సందైనా ఉంచండి.

థర్మల్ పేస్ట్ మార్చడం వాపసు గడువు ముగిశాకే. నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. కింద డై (చిప్పు సిలికాన్ ముక్క) నగ్నంగా ఉంటుంది, ఒక వైపు నుంచి పైకెత్తితే అంచు చిట్లుతుంది. బఠాణీ గింజలో సగం పేస్ట్ చాలు. ఫ్యాన్ తీగ కనెక్టర్ చాలా చిన్నది, తీగ పట్టి లాగితే ఊడి వచ్చేస్తుంది. గోటితో రెండు చెవుల దగ్గర నెట్టాలి.

కోర్‌కబుర్లు:
వాట్‌మీటర్ గారు చెప్పింది నిజమే. కానీ మూల ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. పీఎల్1 పెంచితే బాగుపడేవి నిమిషాల తరబడి నడిచే పనులు: వీడియో మార్చడం, పెద్ద జిప్ విప్పడం, అప్‌డేట్లు, గంటసేపటి కాల్. ట్యాబ్ తెరవడం, మెనూ నొక్కడం, మౌస్ కదలిక ఇవన్నీ రెండు మూడు సెకన్ల పనులు. అవి ముందునుంచే పీఎల్2 కింద, పూర్తి వేగంతో నడుస్తున్నాయి. 6ని 15 చేసినా పాయింటర్ ఈడ్చుకుంటూనే ఉంటుంది. దానికి కారణం వేరే చోట వెతకాలి.

ఇంకోటి, 15 దాటించి ప్రయోజనం దాదాపు లేదు. నాలుగు కోర్లకీ 2.9 అనేది చిప్పులోనే ఉన్న హద్దు. అక్కడికి చేరాక ఎక్కువ వాట్లు ఇచ్చినా తీసుకోదు. గ్రాఫిక్స్ కూడా కలిసి పనిచేసినప్పుడు మాత్రమే తేడా కనిపిస్తుంది.

పిక్సెల్‌పిట్ట:
ఆ వేరే చోటు హెచ్‌డీఎంఐ కేబులే అయ్యుంటుందని నా నమ్మకం. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు చూడండి. 4కే దగ్గర 30 హెర్ట్జ్ అని ఉంటే మీ జబ్బు దొరికింది. సెకనుకు 30 సార్లే తెర మారుతుంటే ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా పాయింటర్ ఈడుస్తున్నట్టే ఉంటుంది.

4కే 60కి హెచ్‌డీఎంఐ 2.0 కావాలి. పీసీ పోర్టు, కేబుల్, మానిటర్ పోర్టు మూడూ అందుకోవాలి. కొన్ని పెట్టెల్లో ఒక పోర్టు 2.0, రెండోది 1.4. కొన్ని మానిటర్లలో సంబంధిత పోర్టుకి 2.0ని మెనూలో ఆన్ చేయాలి. ముందు రెండో పోర్టులో పెట్టి చూడండి, తర్వాత 'ప్రీమియం హై స్పీడ్' అని ముద్ర ఉన్న కేబుల్. యూఎస్‌బీ-సీ పోర్టు వీడియో ఇస్తే డిస్‌ప్లేపోర్ట్ దారిలో వెళ్లినా సరే.

వీడియో తడబాటుకి: డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ విప్పండి. 'ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్' ఉండాలి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే డ్రైవరే లేదన్నమాట, తెర గీయడం నుంచి వీడియో డీకోడ్ దాకా అంతా సీపీయూ నెత్తిన పడుతోంది. డ్రైవర్ ఉంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందా చూడండి. ఆ తర్వాత వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరవండి. 'వీడియో డీకోడ్' గ్రాఫ్ కదలాలి. అది సున్నా దగ్గర పడుకుని సీపీయూ 80–90లో ఉంటే హార్డ్‌వేర్ డీకోడ్ జరగడం లేదు. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' పెడితే ఏ కోడెక్కో, ఎన్ని ఫ్రేములు జారిపోయాయో కనిపిస్తుంది.

వీడియో కాల్‌కి ఇంకో చిట్కా. నేపథ్యం మసకబార్చే సదుపాయం ఆపేయండి. ప్రతి ఫ్రేములో మనిషి ఆకారాన్ని విడదీయడం ఈ నాలుగు కోర్లకు చాలా బరువు. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు 4కే తెర మొత్తం కాకుండా ఒక కిటికీ మాత్రమే పంచండి, లేదా కాల్ ఉన్నంతసేపు రెజల్యూషన్‌ని 1920×1080కి దించండి. పట్టుకుని, కుదించి, ఎన్‌కోడ్ చేయాల్సిన చుక్కలు నాలుగో వంతుకి తగ్గుతాయి.

కొత్తపెట్టె:
అందరికీ ధన్యవాదాలు. 30 హెర్ట్జే ఉంది! రెండో పోర్టు, కొత్త కేబుల్ పెడితే 60 వచ్చింది. పాయింటర్ ఇబ్బంది పూర్తిగా పోయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంది, బ్రౌజర్‌లో యాక్సిలరేషన్ ఆపి ఉంది. ఆన్ చేశాక 4కే వీడియోకి సీపీయూ 15 శాతం లోపే. పీఎల్1 12000 పెట్టాను, అరగంట తర్వాత 74 డిగ్రీలు, క్లాక్ 2.6. అరువు తెచ్చిన 16 జీబీ స్టిక్‌తో ట్యాబుల ఇబ్బందీ లేదు.

మిగిలినవి రెండు. 60,000 వరుసల ఎక్సెల్ ఫైలులో వీలుకప్‌లు (ఇంకో పట్టికలో విలువ వెతికే ఫార్ములాలు) ఉన్నాయి, ఒక గడి మారిస్తే చాలాసేపు ఆగిపోతుంది. కాల్‌లో ఉండి అదే ఫైలు పంచితే ఇంకా కష్టం. ఇవి కూడా ఎక్కడో సర్దుకోవచ్చా?

సిలికాన్‌దారి:
ఎక్సెల్ ఫార్ములాని ముందు సరిచేయండి. వీలుకప్ చివర 'ఫాల్స్' పెట్టి 60,000 వరుసల్లో, 60,000 వరుసల పట్టికను వెతికితే చెత్త సందర్భంలో పోలికలు 360 కోట్లు. పాత ఎక్సెల్ వెర్షన్లలో ఏ ప్రాసెసరైనా దీనికి మూలుగుతుంది. పట్టికను క్రమంలో పెట్టి బైనరీ పద్ధతిలో వెతికితే ఒక్కో వరుసకి 16 పోలికలు సరిపోతాయి. ఎక్స్‌లుకప్ ఉంటే దాని చివరి ఆర్గ్యుమెంట్‌కి 2 ఇస్తే ఆ పద్ధతే వాడుతుంది. పట్టిక ఆరోహణ క్రమంలో ఉండాలి, లేకపోతే తప్పు జవాబు మాట్లాడకుండా వచ్చేస్తుంది. ఫార్ములాల లెక్కింపుని మాన్యువల్‌కి మార్చి, అవసరమైనప్పుడు ఎఫ్9 నొక్కడం ఇంకో దారి.

కాల్, షేరింగ్, పెద్ద ఫైలు మూడూ ఒకేసారి రోజూ కావాలంటే మాత్రం సర్దుబాట్లు అయిపోయాయి. ఇది ఎన్100 అసలు హద్దు. వాపసు గడువులోనే మార్చుకోండి.

ఎన్150కి వెళ్లకండి. అవే నాలుగు ఈ-కోర్లు, గరిష్ఠం 3.6, అదే ఒక్క ఛానెల్. ఐ3-ఎన్305లో ఎనిమిది ఈ-కోర్లు ఉంటాయి. ఒకేసారి ఎక్కువ పనులు మోస్తుంది గానీ ఒక్కో పని చురుకుదనం పెద్దగా మారదు, క్లాక్ 3.8 మాత్రమే. మీకు కావలసింది పెద్ద కోర్లు, రెండు ర్యామ్ స్లాట్లు. ఇంటెల్‌లో ఐ5-12450హెచ్ (నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి, 12 థ్రెడ్లు), ఏఎండీలో రైజెన్ 5 5560యూ నుంచి రైజెన్ 7 5825యూ, 7730యూ దాకా ఏదైనా మీ పనికి ధారాళంగా సరిపోతుంది. 7840హెచ్ఎస్ లాంటివి గేమింగో, వీడియో ఎడిటింగో ఉంటేనే.

కోర్‌కబుర్లు:
ఏఎండీ పేర్లలో గోతులున్నాయి, చూసి నడవాలి. 5500యూ, 5700యూ రెండూ జెన్ 2 (జెన్ అనేది ఏఎండీ కోర్ల తరం పేరు, పక్క అంకె పెద్దదైతే కొత్తది). మధ్యలో ఉన్న 5600యూ, పక్కనున్న 5800యూ జెన్ 3. పెద్ద అంకె కదా అని 5700యూ తీసుకుంటే పాత కోరు వస్తుంది. 2023 నాటి పేర్ల పద్ధతిలో 7000 వరుస మొబైల్ చిప్పుల్లో మూడో అంకె చూడాలి: 7520యూ అంటే జెన్ 2, 7730యూ జెన్ 3, 7840హెచ్ఎస్ జెన్ 4. మొదటి అంకె ఏడు కాబట్టి అన్నీ కొత్తవే అనుకోకూడదు.

ఇంటెల్ వైపు 'ఐ7' అనే ఒక్క మాట రాసి తరం చెప్పని ప్రకటనలను వదిలేయండి. ఐ7-7500యూ కూడా ఐ7నే. 2016 చిప్పు, రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాని కంటే మీ ఎన్100 నయం.

పెట్టె వచ్చాక విండోస్ చూపించే పేరుతో సరిపెట్టుకోకండి. చిప్పు వివరాలు చూపించే సీపీయూ-జెడ్ తెరిచి కోర్లు, థ్రెడ్లు, ఎల్3 క్యాష్‌ని తయారీదారు పేజీలోని వివరాలతో పోల్చండి. 7430యూ అని అమ్మిన దానిలో ఎల్3 16 ఎంబీ ఉండాలి. 8 మాత్రమే ఉంటే అది 5500యూ కావచ్చు. పేరు మార్చి చూపించడం సులువు, క్యాష్ పరిమాణాన్ని దాచడం కష్టం. అదే ప్రోగ్రామ్‌లో మెమరీ పేజీలో రెండు ఛానెళ్లూ పనిచేస్తున్నాయో లేదో చూడండి. రైజెన్‌కి ఒకే స్టిక్ ఇచ్చి పంపితే గ్రాఫిక్స్ బాగా కుంటుపడుతుంది. 16 ఒకటి కంటే 8 రెండు మేలు.

నిశ్శబ్దం:
హెచ్ రకం చిప్పులు కొనేవారికి ఒక గమనిక: 35–45 వాట్ల వేడిని అరచేతంత పెట్టెలో వదిలించాలంటే ఫ్యాన్ మోగుతుంది. ఆఫీసు పనికి 15 వాట్ల యూ రకమే హాయి. హెచ్ చిప్పే దొరికితే బయోస్‌లో 'క్వైట్' లేదా 'బ్యాలెన్స్‌డ్' మోడ్ పెట్టండి. 54 వాట్ల నుంచి 35కి దించితే వేగం కొద్దిగానే తగ్గుతుంది, మోత బాగా తగ్గుతుంది.

వాట్‌మీటర్:
వాడిన ఆఫీసు పెట్టెలు కూడా పరిశీలించవచ్చు. థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో, ఎలైట్‌డెస్క్ మినీ అనే ఒక లీటరు పరిమాణపు యంత్రాలు. ఐ5-8500టీ అంటే ఆరు కోర్లు, 35 వాట్లు. ఐ5-10500టీ అయితే ఆరు కోర్లు, 12 థ్రెడ్లు. రెండు ర్యామ్ స్లాట్లు, నిజమైన నాలుగు లేన్ల ఎన్‌వీఎమ్‌ఈ. ముఖ్యంగా ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చుంటుంది, ఎన్100లా బోర్డుకు అతికించి ఉండదు. కానీ అదే చిప్‌సెట్ అంగీకరించే తరం వరకే మార్చుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ తరాలకి ఏవీ1 హార్డ్‌వేర్ డీకోడ్ లేదు. ఆ కంపెనీ అడాప్టర్ కాకుండా వేరేది పెడితే కొన్ని మోడళ్లు గుర్తుపట్టక వేగాన్ని నేలకు దించేస్తాయి, 0.8 దగ్గర ఇరుక్కుపోయే కేసుల్లో ఇదొకటి. బయోస్‌కి పాత సంస్థ పాస్‌వర్డ్ ఉందేమో కొనక ముందే అడగాలి.

పెంగ్విన్‌పక్షి:
వాపసు వద్దనుకునేవారికి, ఎన్100ని డెస్క్‌టాప్‌గా చూసి నిరాశపడినవారికి: సర్వరుగా ఇది చక్కని చిప్పు. ఖాళీగా ఉన్నప్పుడు గోడ దగ్గర కొలిస్తే పది వాట్లకు అటూఇటూ. జెల్లీఫిన్ (ఇంటి వీడియో సర్వర్ ప్రోగ్రామ్)లో క్విక్ సింక్ (ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని వీడియో యంత్రాంగం) ఆన్ చేస్తే హెచ్‌ఈవీసీ కోడెక్‌లోని 4కే వీడియోని 1080కి మార్చే పని సీపీయూ మీద పడదు. డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి కంటెయినర్లలో నడిపే సాధనం) నడిపితే గ్రాఫిక్స్ పరికరాన్ని కంటెయినర్‌కి అప్పగించడం, వాడుకరిని 'రెండర్' గుంపులో చేర్చడం మరిచిపోవద్దు. ట్రాన్స్‌కోడ్ మొదలవగానే సీపీయూ 100కి కొట్టడానికి కారణం పదిలో తొమ్మిదిసార్లు అదే. ఏవీ1లోకి ఎన్‌కోడ్ చేయలేదు, చదవగలదు మాత్రమే. లినక్స్ కెర్నల్ 5.15 లాంటి పాతది వద్దు, 6 వరుసలో కొత్తది వేయండి. పీఎల్1 గురించి పైన చెప్పినది ఇక్కడా వర్తిస్తుంది, లినక్స్‌లోని టర్బోస్టాట్ అనే సాధనంలో ప్యాకేజ్ వాట్లు చూడవచ్చు.

ట్యాబులమాల:
నాదీ ఎన్100నే. ఇంటెల్ పేజీలో గరిష్ఠం 16 జీబీ అని ఉంది. 32 పెడితే తీసుకుంటుందా?

ర్యామ్‌బాణం:
చాలా బోర్డుల్లో 32 ఒకే స్టిక్ పనిచేస్తుంది, కానీ ఇంటెల్ హామీ 16కే. వాపసు తీసుకునే చోటే కొనండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రెయినింగ్ (కొత్త ర్యామ్‌కి బోర్డు సర్దుకోవడం) వల్ల తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండొచ్చు, కంగారుపడి స్విచ్ తీయకండి. లేచాక ర్యామ్ తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు పూర్తి చేసి, ఒక్క తప్పు వచ్చినా ఆ స్టిక్ తిప్పి పంపండి. డెస్క్‌టాప్ పనికి 16 చాలు. 32 వర్చువల్ మెషీన్లు నడిపేవారికే.

కొత్తపెట్టె:
ఫార్ములాని ఎక్స్‌లుకప్ బైనరీకి మార్చాను, ఫైలు ఇప్పుడు వెంటనే స్పందిస్తోంది. అయినా కాల్‌తో కలిపి రోజంతా వాడాలి కాబట్టి దీన్ని వాపసు పంపి 5825యూ, 8 జీబీ స్టిక్‌లు రెండు ఉన్న మోడల్ తీసుకుంటున్నాను. పంపే ముందు ఏం చూసుకోవాలి?

హీట్‌సింక్:
బయోస్‌లో 'లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్' కొట్టి పీఎల్1 పాత అంకెకు వచ్చిందో లేదో చూడండి. ఆ తర్వాత 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్', అందులో 'క్లీన్ డేటా' ఆన్. దానికి ముందు మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి సైన్ అవుట్ అవ్వండి. బిట్‌లాకర్ (డిస్క్‌ని గుప్తీకరించే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే ఆపేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. పెట్టె పూర్తిగా ఆపి, అడాప్టర్ పీకి, 16 జీబీ స్టిక్ తీసి అసలు 8 జీబీ స్టిక్ పెట్టి ఒక్కసారి ఆన్ చేసి చూడండి. అడాప్టర్, మానిటర్ వెనక బిగించే పలక, దాని స్క్రూలు డబ్బాలో ఉన్నాయా చూసుకోండి, వాపసులు ఎక్కువగా ఆగేది వాటి దగ్గరే. సీరియల్ నంబరు స్టిక్కర్‌ని ఫొటో తీసి ఉంచుకోండి.